మోటుపల్లి అమాన్‌నామా

మా అన్న కూతురు లా చదువుతోంది. సముద్ర కానూన్ మీద ఒక కోర్సు ఉందట. వారం రోజులు తీరంలోని మెరైన్ స్టేషన్‌లో ఉండి చదవాలి. పొద్దున పడవల దగ్గర, మధ్యాహ్నం పాఠం. భాభీ ఒక్క మాటలో తేల్చేసింది: "ఇబ్రహీంపట్నం పిల్లకు దరియాతో ఏం పని?"

భాభీని తప్పు పట్టలేం. మనకు తెలిసిన దరియా అంతా ఇబ్రహీం కుతుబ్ షా (1550-80) పేరు మోస్తున్న ఈ పెద్ద చెరువే. కానీ ఆ ఖాందాన్ సల్తనత్‌కు మచిలీపట్నం ఉండేది. దాన్ని ఇప్పటికీ బందరు అంటాం. బందర్ అంటే ఫార్సీలో రేవు. గోల్కొండ తాజిర్ల జహాజులు అక్కడినుంచి పెగూకు, అచేకు, ఎర్రసముద్రానికి వెళ్లేవి. హాజీలూ వాటిలో ఉండేవారు.

అయితే దరియా మీద పోర్చుగీసువాళ్ల దాదాగిరీ నడిచిన కాలం అది. కర్తాజ్ అనే పర్వానా పైసలిచ్చి తీసుకోవాలి, లేకపోతే జహాజు జప్తు. మక్కా సఫర్‌కూ మినహాయింపు లేదు. 1613లో జహంగీర్ బాద్షా తల్లి మరియమ్ ఉజ్ జమానీ గారి 'రహీమీ' జహాజును పర్వానా ఉండగానే పట్టుకున్నారు. రాజమాతకే ఆ గతి పడితే మామూలు హాజీ సంగతి ఏం చెప్పాలి?

దీనికి పూర్తిగా ఉల్టా కానూన్ మన తీరంలోనే, అంతకు మూడున్నర శతాబ్దాల ముందే రాతి మీద చెక్కి ఉంది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి, వీరభద్రస్వామి గుడి. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం. అంతకుముందు తుఫానులో జహాజు పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు మొత్తం లాక్కునేవారు. యూరప్‌లోనూ చాలాచోట్ల అదే రివాజు. ప్రాణానికి తెగించి వచ్చినవాళ్ల మాలు అలా తీసుకోం, నిర్ణయించిన సుంకమే తీసుకుంటాం అన్నాడు గణపతిదేవుడు. ఎగుమతి దిగుమతులపై ముప్పైలో ఒక వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పట్టు, ఇలా కొన్నిటికి విడిగా రేట్లు కూడా చెక్కించాడు. నూరేళ్ల తర్వాత, 1358లో, కొండవీటి అనపోతారెడ్డి కూడా అక్కడే తాజిర్లకు అభయమిచ్చాడు. చిత్రమేమంటే గణపతిదేవుడి రాజధాని ఓరుగల్లుకూ సముద్రం లేదు.

అభయం అంటే మన ఫిఖ్‌హ్‌లో అమాన్. పరదేశి జాన్‌కూ మాల్‌కూ ఇచ్చే భరోసా. అమాన్ ఇవ్వడానికి బాద్షాయే కానక్కర్లేదు. మక్కా ఫతహ్ రోజు ఉమ్మె హానీ (రజి) ఇచ్చిన అమాన్‌ను రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒప్పుకున్నారు.

సముద్రం అందరిదీ అని డచ్చి వకీలు గ్రోషియస్ 1609లో కితాబ్ రాశాడు. సముద్ర కానూన్‌కు ఆయన్నే తండ్రి అంటారు. ఆయన వకాల్తా పుచ్చుకున్న డచ్చి కంపెనీ అప్పటికి నాలుగేళ్లుగా బందరులో వ్యాపారం చేస్తోంది. ఆసియా రేవుల్లో ముందునుంచీ ఉన్న రివాజే ఆయన వాదనకు బలమిచ్చిందని మద్రాసు యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన పోలండ్ పండితుడు అలెగ్జాండ్రోవిచ్ వాదించారు. అందరూ ఒప్పుకోలేదు. నాకైతే ఆ మాట నచ్చుతుంది, అందులో కొంత మన అభిమానమూ ఉందనుకోండి.

ఇదంతా పాత కిస్సా కాదు. 2018 నవంబర్‌లో గుజరాత్ నుంచి వేటకెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చారు. తీరానికి 200 నాటికల్ మైళ్ల దాకా ఉండే ఆర్థిక మండలంలో చేపల కానూన్ తప్పినవాళ్లను, దేశాల మధ్య ఒప్పందం ఉంటే తప్ప, ఖైదు చేయకూడదని 1982 సముద్ర ఒడంబడిక 73వ అధికరణం చెబుతుంది. రెండు దేశాలూ దాన్ని ఆమోదించాయి. కానీ తీరానికి 12 మైళ్ల లోపల ఆ రక్షణ లేదు. సర్ క్రీక్ దగ్గర హద్దు ఎక్కడన్నదే తగాదా. నీళ్ల మీద గీత కనపడదు, చేప ఎటు పోతే వల అటు పోతుంది. మా పిల్ల పడవల దగ్గర కూర్చుని నేర్చుకుంటానంటున్నది ఇదే.

ఇవన్నీ చెప్పాను. భాభీ ఇంకా ఇజాజత్ ఇవ్వలేదు. నిన్న రాత్రి మాత్రం రొట్టెలు చేస్తూ, ఆ మోటుపల్లి గుడిలోకి మనల్ని రానిస్తారా అని అడిగింది. పోయి అడుగుదాం, మీరూ రండి అన్నాను.