హనుమాజీపేట కవి మన సంఘాన్ని అడిగే ప్రశ్న



విశ్వాసులు సినిమా పాటల గురించి మాట్లాడుకోవచ్చా అని మన యవ్వనస్థులు అడుగుతుంటారు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చదవండి. ఏథెన్సులో పౌలు సువార్త చెబుతూ ఆ ఊరివాళ్లకు తెలిసిన కవుల మాటనే ఎత్తుకున్నాడు. ఆ కవులు మన దేవుణ్ణి ఎరిగినవారు కారు. అయినా వాళ్ల మాటలో ఉన్న నిజాన్ని పౌలు కాదనలేదు. మన పాత కరీంనగర్ జిల్లా కవి సి.నారాయణరెడ్డి గారి పాటలను ఈ వారం అలాగే చూద్దాం.

సినారె 1931 జులై 29న వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు ఊళ్లో విన్న హరికథలు, జంగం కథలు, జానపదాలే ఆయనకు మొదటి బడి. తర్వాత సిరిసిల్లలో, కరీంనగర్‌లో చదివారు. అవి నిజాం రోజులు కాబట్టి చదువంతా ఉర్దూలోనే. ఊరి పాట లయ, ఉర్దూ సొంపు రెండూ ఆయన కలంలో కలిశాయి. తెలుగులో గజళ్లు రాసి తానే పాడి వినిపించారు. 1962లో 'గులేబకావళి కథ'తో సినిమాకు వచ్చి 3000కు పైగా పాటలు రాశారు. 'విశ్వంభర' కావ్యానికి 1988 జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. తెలుగులో విశ్వనాథ సత్యనారాయణ గారి తర్వాత ఆ గౌరవం పొందింది ఈయనే. 2017 జూన్ 12న కన్నుమూశారు.

ఇంత పెద్ద పండితుడైనా ఆయన మంచి పాటల్లో మాట తేలిక. పొలంలో ఉన్నవాళ్లకైనా ఒక్కసారి వింటే అర్థమవుతుంది. మూడు పాటలు గుర్తు చేస్తాను.

మొదటిది 'నిప్పులాంటి మనిషి'లో స్నేహం గురించిన పాట. 1974లో వచ్చిన ఆ సినిమాలో ఒక పఠాన్ తన స్నేహితుడి కోసం దాన్ని పాడతాడు. హిందువులు, ముస్లింలు పక్కపక్క ఇళ్లల్లో బతికే జగిత్యాల, కోరుట్ల వాళ్లకు ఆ స్నేహం ఏమిటో వేరే చెప్పాలా? యోహాను 15లో ప్రభువు తన శిష్యులను దాసులని పిలవలేదు, స్నేహితులని పిలిచాడు.

రెండోది '20వ శతాబ్దం'లోది. అమ్మకంటే గొప్ప దైవం ఉందా అని అడుగుతుంది. దీంతో నేను పూర్తిగా ఏకీభవించను. యెషయా 49:15 చూడండి. తల్లి అయినా మరచిపోవచ్చు గానీ దేవుడు మరచిపోడు. కానీ పొద్దంతా బీడీలు చుట్టి పిల్లలను చదివించిన మన తల్లులను చూస్తే ఆ కవి మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. అమ్మకు ఆ ప్రేమను ఇచ్చింది దేవుడే.

మూడోది నన్ను ఎక్కువగా కదిలించిన పాట. శివాజీ గణేశన్ నటించిన తమిళ చిత్రం 'కర్ణ'ను తెలుగులోకి తెచ్చినప్పుడు సినారె రాశారు. సూతపుత్రుడని అవమానం పొందిన కర్ణుణ్ణి అతని భార్య ఓదారుస్తుంది. గాలికి, నేలకు లేని కులం మనుషులకు ఎందుకని అడుగుతుంది.

ప్రియులారా, ఈ ప్రశ్న లోకానికే అనుకోకండి. మనం ఒకే రొట్టె విరుస్తాం, ఒకే పాత్రలోది త్రాగుతాం. పెళ్లి సంబంధం వచ్చేసరికి మాత్రం మొదట కులమే అడుగుతాం. బాప్తిస్మం తీసుకున్న కుటుంబాల్లో కూడా వాళ్లు, మనం అనే మాట ఇంకా వినబడుతోంది. కవుల మాట ఎత్తుకున్న ఆ ప్రసంగంలోనే, రెండు వచనాల ముందు, దేవుడు సర్వ జనాలనూ ఒక్కని నుండే పుట్టించాడని పౌలు చెప్పాడు. బైబిలు చేతిలో లేని కవి అడిగిన ప్రశ్నకు బైబిలు చేతిలో ఉన్న మనం ఏం జవాబు చెబుతాం?

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, ఎప్పుడూ మీ పక్కన కూర్చోని కుటుంబాన్ని ఇంటికి భోజనానికి పిలవండి. మన జవాబు అక్కడ మొదలవనివ్వండి.

తండ్రీ, మా మధ్య మేము కట్టుకున్న గోడలను నీ కుమారుని సిలువ చేత పడగొట్టు. ఆమేన్.