పుల్ల నమిలిన పల్నాడు

పల్నాడులో ఒకప్పుడు తెల్లవారితే ముందుగా వంగేది వేపకొమ్మే. రాజుపాలెం, సత్తెనపల్లి, పిడుగురాళ్ల చుట్టుపక్కల పల్లెల్లో పొలానికి బయల్దేరిన రైతు దారిపక్క చెట్టు నుంచి చిటికెనవేలంత పుల్ల విరిచేవాడు. ఆకు దూసేసి, కొసను దవడ పళ్ల కింద పెట్టి నములుకుంటూ నడిచేవాడు. కొస కుచ్చుగా విచ్చుకున్నాక పళ్లు తోముకునేవాడు. ఆ తర్వాత అదే పుల్లను నిలువునా రెండుగా చీల్చి, ఒక బద్దను వంచి నాలుక గీసుకునేవాడు. బావి దగ్గరో కాలవ దగ్గరో నోరు పుక్కిలించి ఉమ్మేసేవాడు. నోటి కంపుకు ఇంటివైద్యం అంటే ఇప్పుడు అందరికీ లవంగం, సోంపు గుర్తొస్తాయి. ఈ నేల మీద ఆ వైద్యం అసలు రూపం మాత్రం ఈ మూడు పనులే: తోమడం, గీయడం, పుక్కిలించడం.

ఇది ఎంత పాత అలవాటో తెలియాలంటే మాచర్ల వైపు, కృష్ణ ఒడ్డుకు వెళ్లాలి. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. దాన్నే ఇప్పుడు నాగార్జునకొండ అంటున్నారు. బౌద్ధంలోని వేర్వేరు శాఖల విహారాలు అక్కడ వెలిశాయి. సింహళం నుంచి వచ్చిన థేరవాద ఆచార్యుల ప్రస్తావన కూడా బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో ఉంది. ఆ థేరవాదుల నియమాల గ్రంథం వినయపిటకంలో పందుంపుల్ల మీద ఒక ముచ్చటైన ఘట్టం ఉంది. పుల్ల నమలని భిక్షువులకు నోరు కంపు కొడుతోందని, నాలుకకు రుచి తెలియడం లేదని, తిన్నది సహించడం లేదని గమనించి బుద్ధుడు దంతకాష్ఠాన్ని అనుమతించాడట. కొందరు పొడుగు పుల్లలు పట్టుకుని వాటితోనే చిన్న శిష్యులను కొట్టడం మొదలుపెట్టారు. దాంతో పుల్ల ఎనిమిది అంగుళాలు మించకూడదన్న కట్టడి వచ్చింది. ఇంకొకరు మరీ పొట్టి పుల్ల నములుతుండగా అది గొంతులో అడ్డం పడింది. అప్పుడు నాలుగు అంగుళాలకు తగ్గకూడదన్నారు. అంగుళం అంటే ఇక్కడ వేలి వెడల్పు. విజయపురి విహారాల్లోనూ తెల్లవారుజామున ఈ కొలతలు పాటించే ఉంటారని ఊహించడం పెద్ద సాహసమేమీ కాదు. ఏడో శతాబ్దం చివర భారతదేశంలో ఏళ్ల తరబడి ఉండి చదువుకున్న చైనా భిక్షువు ఇత్సింగ్ కూడా ఈ అలవాటును శ్రద్ధగా రాసుకున్నాడు. పుల్ల నమిలి, నాలుక గీసుకుని, నోరు కడుక్కున్న తర్వాతే అక్కడివాళ్లు పెద్దలకు నమస్కరిస్తారని తన దేశంవాళ్లకు వివరించాడు.

వైద్య గ్రంథాలు దీన్ని ఇంకా లోతుగా పట్టించుకున్నాయి. సుశ్రుతుడు పుల్ల పొడవు పన్నెండు అంగుళాలు, లావు చిటికెనవేలంత అన్నాడు. చేదు చెట్లలో వేప, వగరు చెట్లలో చండ్ర, తీపి వాటిలో ఇప్ప, కారపు వాటిలో కానుగ మేలన్నాడు. వేప, కానుగ పల్నాటి పొలం గట్ల మీద ఈనాటికీ కనిపించే చెట్లే. నోరు పూసినవాళ్లు, గొంతు, నాలుక జబ్బులున్నవాళ్లు పుల్ల వాడకూడదన్న జాగ్రత్త కూడా ఆయనే చెప్పాడు. చరకుడి మాట ఇంకా ముఖ్యం. నాలుక మొదట్లో పేరుకునే మలినం వల్ల దుర్వాసన పుడుతుంది కాబట్టి నాలుక గీసుకోవాలన్నాడు. గీసుకునే బద్ద బంగారంతోగానీ, వెండి, రాగి, తగరం, ఇత్తడి వంటి లోహాలతోగానీ చేయించుకోవచ్చన్నాడు. పల్లెల్లో బంగారం ఎక్కడిది? చీల్చిన వేపపుల్లో, తాటాకు ఈనో ఆ పని చేసిపెట్టింది.

చరకుడు చూపిన చోటే సరైన చోటని ఇరవయ్యో శతాబ్దపు పరిశోధన తేల్చింది. కెనడాలోని వాంకూవర్‌లో జోసెఫ్ టోంజెటిచ్ అనే శాస్త్రవేత్త 1960ల నుంచి నోటి వాసనలోని వాయువులను కొలుస్తూ వచ్చాడు. హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టాన్ అనే గంధకపు వాయువులే కంపుకు ప్రధాన కారణమని తేలింది. నాలుక వెనక భాగపు గరుకులో, చిగుళ్ల సందుల్లో గాలి తగలకుండా బతికే బ్యాక్టీరియా ఆహారపు తుక్కులోని, రాలిన కణాల్లోని ప్రొటీన్లను కుళ్లబెడుతుంది. అక్కడ పుట్టే వాయువులే ఇవి. వదలని నోటి వాసనల్లో అత్యధికం నోట్లో పుట్టేవే, కడుపులో పుట్టేవి చాలా తక్కువ. కడుపులో వేడి చేసిందని ఏళ్ల తరబడి చలవ మందులు మింగేవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

వేపపుల్ల ఒక్కటే కాదు. ఉత్తరేణి పుల్ల, మర్రి ఊడ, తుమ్మపుల్ల కూడా వాడేవారు. రంజాన్ నెలలో మసీదుల దగ్గర మిస్వాక్ పుల్లలు ఈనాటికీ అమ్ముతారు. పుల్ల నమలలేని ముసలివాళ్లకు, వంటింట్లో తొందరలో ఉన్న ఆడవాళ్లకు కచ్చిక ఉండేది. పిడకలు కాల్చిన బూడిదను మెత్తగా నలిపి, ఉప్పు కలిపి, చూపుడువేలితో తోముకునేవారు. కొందరు పొయ్యిలోని బొగ్గు, ఇంకొందరు ఇటుకపొడి వాడేవారు. పాత పద్ధతి కాబట్టి మంచిదేనని ఇక్కడ తలూపడం సరికాదు. ఇటుకపొడి, గరుకు బొగ్గు పంటి మీది గట్టి పొరను అరగదీస్తాయి. తెల్లగా మెరిసిన పళ్లు కొన్నేళ్లకు జివ్వుమని లాగడం మొదలుపెడతాయి.

ఇదంతా శుభ్రం చేసే దారి. వాసనను కప్పే దారి ఇంకొకటుంది. దానికి మర్యాద ఎక్కువ.

అది తాంబూలం. కవిత్వం రాయడానికి ఏమేం కావాలో అల్లసాని పెద్దన చెప్పాడంటున్న చాటుపద్యంలో కప్పురవిడెం కూడా ఉంది. 1443లో విజయనగరానికి వచ్చిన పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్ తమలపాకు మహిమలను వరసగా రాశాడు. నోటి చెడువాసన పోగొట్టి పళ్లను గట్టిపరుస్తుందన్నది అందులో ఒకటి. చరకుడు కూడా నోటికి శుభ్రత, సువాసన కోరేవాళ్లు జాజికాయ, లవంగం, యాలకులు, పోక, కర్పూరం, తమలపాకు నోట్లో ఉంచుకోవాలన్నాడు. పల్నాడుకు ఆకులు దిగువనున్న పొన్నూరు వైపు తోటల నుంచి వచ్చేవి. సున్నానికి మాత్రం ఈ సీమ ఎవరి వైపూ చూడనక్కర్లేదు. శ్రీనాథుడిదని చెప్పే చాటువులో వెక్కిరింతకు గురైన ఆ నాపరాళ్ల నేలలోనే సున్నపురాయి పుష్కలం. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు రాష్ట్రమంతటా పేరున్నవి. అయినా తాంబూలంలోకి గుల్లసున్నమే శ్రేష్ఠమని పెద్దలు ఏరి తెచ్చుకునేవారు. నిశ్చితార్థాన్ని తాంబూలాలు పుచ్చుకోవడం అనే పిలుస్తారు. అడకత్తెర, సున్నపుకాయ లేని పెద్దింటి వసారా ఉండేది కాదు.

ఆకు ఘాటు, లవంగంలోని యూజెనాల్ కాసేపు వాసనను అణుస్తాయి. నమిలినకొద్దీ లాలాజలం ఊరి నోరు కడుగుతుంది. అంతవరకు మేలే. వక్కతోనే చిక్కంతా. ఆకులోకి పొగాకు కాడ చేరాక చిక్కు ముదిరింది. పొగాకు కలిపిన తాంబూలం క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1985లో ప్రకటించింది. 2004లో పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే చాలునని తేల్చింది. తర్వాత వచ్చిన గుట్కా పొట్లం తాంబూలంలోని చెడునంతా ఉంచుకుని ఆకును వదిలేసింది. గుట్కా నమిలే కుర్రవాడు నోటి వాసన దాచుకోవాలనుకుంటాడు. ఆ నమలడంతోనే చిగుళ్లు పాడై, దవడ బిగిసి, వాసన ఇంకా పెరుగుతుంది. ఇది చూస్తూ ఊరుకోదగిన విషయం కాదు.

బ్రష్షు, పేస్టు పల్లెలకు ఆలస్యంగా వచ్చాయి. కోల్గేట్ భారతదేశంలో కంపెనీ పెట్టింది 1937లో. పల్లెల్లో ముందు నల్ల పళ్లపొడి, తెల్ల పళ్లపొడి అలవాటయ్యాయి, ఆ తర్వాతే పేస్టు. ఇది మంచి మార్పు. పేస్టులోని ఫ్లోరైడ్ పిప్పిపన్ను రాకుండా కాపాడుతుంది, వేపపుల్ల ఆ పని చేయలేదు. కాకపోతే పుల్ల పోవడంతో దాన్ని చీల్చే పని కూడా పోయింది. పుల్ల నమిలినవాడికి నాలుకబద్ద విడిగా కొనే పని లేదు, చేతిలోనే ఉండేది. బ్రష్షు పట్టినవాడు నురగ ఉమ్మేసి లేచిపోతాడు. రెండు పూటలా తోముకుంటున్నా వాసన వదలడం లేదని బాధపడేవాళ్లలో చాలామంది నాలుక సంగతి మరచినవాళ్లే.

కాబట్టి పాత అలవాట్లలో ముందుగా తిరిగి తెచ్చుకోవాల్సింది నాలుకబద్ద. రాగిదో ఉక్కుదో ఏదైనా ఫరవాలేదు. వెనక నుంచి ముందుకు, రక్తం రాకుండా, మెల్లగా గీసుకోవాలి. భోజనం తర్వాత గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించడం ఖర్చు లేని పని. పరగడుపున నువ్వులనూనె పుక్కిలింత కూడా చరకుడి కాలం నాటిదే. నూనె ఉమ్మేశాక మామూలుగా పళ్లు తోముకోవాలి. పల్నాటి ఎండల్లో మిరపకోతకో పత్తితీతకో వెళ్లేవాళ్లకు నోరు ఎండిపోవడమే సగం కారణం, వాళ్లకు నీళ్లకు మించిన మందు లేదు. లవంగం, సోంపు నలుగురిలోకి వెళ్లే ముందు పనికొస్తాయి, అంతే.

రెండు మూడు వారాలు ఇవన్నీ చేసినా వాసన తగ్గకపోతే కారణం వేరే ఉన్నట్టు. చిగుళ్ల నుంచి రక్తం రావడం, పిప్పిపన్ను, గొంతులో గడ్డలు, ముక్కులో చీము, అదుపు తప్పిన చక్కెర జబ్బు, వీటిలో ఏదైనా కావచ్చు. పళ్ల మొదళ్లలో గట్టిపడిన గారను వేపపుల్లా కదిలించలేదు, ఉప్పునీళ్లూ కరిగించలేవు. దాన్ని పన్ను డాక్టరే తీయాలి.