పొయ్యి ఆరిన స్టేషన్లు

మన వైపు పాత రైల్వే స్టేషన్ ఒకటి గుర్తు తెచ్చుకోండి. ఎత్తైన కప్పు, పొడుగాటి వసారా, ఎటు నుంచైనా గాలి ఆడేలా తెరిచి ఉన్న ప్లాట్‌ఫారం. కట్టినవాళ్ల బెంగంతా ఎండ గురించే. కాస్త నీడ ఇస్తే చాలు, మిగతాది ప్రయాణికుడే చూసుకుంటాడు. తువ్వాలు పరుచుకుని బల్ల మీద ఓ కునుకు తీస్తాడు. అదే స్టేషన్‌ని మైనస్ 30 డిగ్రీల చలిలో కట్టాల్సి వస్తే? అక్కడ రైలు రెండు గంటలు లేటైతే చిరాకుతో సరిపోదు, ప్రాణం మీదికి వస్తుంది.

ఈ చిక్కుని ఫిన్లండ్ పంతొమ్మిదో శతాబ్దంలో చెక్కతో విప్పింది. అప్పటికి అది స్వతంత్ర దేశం కాదు, 1809 నుంచి రష్యా చక్రవర్తి కింద ఉన్న ప్రాంతం. 1862లో హెల్సింకి నుంచి హామెన్‌లిన్నాకి తొలి రైలు నడిచింది. ఖజానాలో డబ్బు తక్కువ, చుట్టూ అడవి మాత్రం కావలసినంత. అందుకే దారి పొడుగునా చిన్న స్టేషన్లు ఎక్కువగా చెక్కతోనే లేచాయి. ఊరికో కొత్త ప్లాను గీయలేదు. స్టేషన్ స్థాయిని బట్టి నమూనా డ్రాయింగులు ఉండేవి, వాటినే కొద్ది మార్పులతో మళ్లీ మళ్లీ వాడుకున్నారు. 1892 నుంచి మూడు దశాబ్దాలకు పైగా రైల్వే ఆర్కిటెక్టుగా పనిచేసిన బ్రూనో గ్రాన్‌హోల్మ్ గీసినవి వీటిలో చాలా ఉన్నాయి. ఇవాళ పర్యాటకులు ఫొటోలు తీసుకునేది 1919లో తెరుచుకున్న హెల్సింకి రాతి స్టేషన్‌ని. దాని శిల్పి ఎలియెల్ సారినెన్ పేరు ప్రపంచానికి తెలుసు. గ్రాన్‌హోల్మ్ పేరు బయట ఎవరికీ పెద్దగా తెలీదు.

ఆ చెక్క గోడ ఎలా పనిచేస్తుందో చూడండి. కింద నేల తేమ తగలకుండా రాతి పునాది. దాని మీద దుంగల్ని అడ్డంగా ఒకదానిపై ఒకటి పేర్చి, మూలల్లో గాడి కోసి బిగిస్తారు. సందుల్లో నాచు కూరుతారు. దుంగలు ఎండేకొద్దీ గోడ కొద్దికొద్దిగా కిందికి దిగుతుంది. అది కుదురుకున్నాక బయట పలకలు కొడతారు. నేల కిందా అటక మీదా రంపపు పొట్టు లాంటివి నింపుతారు. చలికాలం రాగానే కిటికీలకి లోపలి వైపు రెండో అద్దాల చట్రం పెట్టి, అంచుల వెంట కాగితం పట్టీలు అంటిస్తారు. ఎప్పుడైనా అడుగు దుంగ పుచ్చిపోతే ఆ ఒక్కటీ తీసి కొత్తది వేయొచ్చు. అవసరమైతే దుంగలకి నంబర్లు వేసి, భవనం మొత్తం విప్పి ఇంకోచోట కట్టుకోవచ్చు. ఇప్పుడు మనం ‘సస్టైనబుల్’ అని పెద్ద మాటగా చెప్పేది వాళ్లకి రోజువారీ వడ్రంగం.

కానీ గోడ వేడిని పుట్టించదు, ఉన్న వేడిని కాసేపు పట్టి ఉంచుతుంది, అంతే. వేడి పుట్టేది పొయ్యిలో. గది మూలన నిలువెత్తు పొయ్యి ఉండేది. లోపలి ఇటుక ఒకసారి కాగితే గంటల తరబడి వెచ్చదనం వదులుతుంది. అందులో కట్టె వేసేదెవరు? ఇక్కడే ఆ డిజైన్‌లో అసలు తెలివి ఉంది. స్టేషన్ మాస్టర్ కుటుంబం చాలాచోట్ల అదే కప్పు కింద కాపురం ఉండేది. టికెట్ కిటికీకి అటు ఆఫీసు, ఇటు ప్రయాణికుల గది, వెనకో పైనో వాళ్ల ఇల్లు. మనుషులు బతికే ఇల్లు కాబట్టి పొయ్యి ఆరేది కాదు.

ఆ వెచ్చదనం అందరికీ ఒక్కలా అందలేదన్నది కూడా చెప్పుకోవాలి. పెద్ద స్టేషన్లలో పై తరగతుల వాళ్లకి వేరే గది, మూడో తరగతికి వేరే గది. అంతకన్నా చేదు నిజం పట్టాల కిందే ఉంది. 1866-68 కరువులో ఫిన్లండ్ జనాభాలో దాదాపు పన్నెండో వంతు చనిపోయారు. రీహిమాకి నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్ దాకా వేసి 1870లో పూర్తిచేసిన లైను ఆ కరువు పనుల కిందే నడిచింది. ఆకలితో వచ్చిన కూలీలు ఇరుకు బసల్లో జ్వరాలొచ్చి రాలిపోయారు. ఆ దారి ఎముకల మీద వేసిందని అక్కడి జనం చెప్పుకుంటారు. మనకిది కొత్త కథేం కాదు. పదేళ్లు తిరక్కుండానే మన దగ్గర ధాత కరువు వచ్చింది, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం ఆ కరువు కూలీల చేతుల మీదుగానే సాగింది. పడవెక్కినవాళ్లకీ, పొయ్యి దగ్గర చేతులు కాచుకున్నవాళ్లకీ వాళ్ల పేర్లు తెలీవు.

తర్వాత కార్లొచ్చాయి, బస్సులొచ్చాయి. సిగ్నళ్లు దూరం నుంచే నడపడం మొదలైంది. స్టేషన్ మాస్టర్ అక్కడ ఉండాల్సిన పని లేకపోయింది. చాలా చిన్న స్టేషన్లలో రైలు ఆగడం మానేసింది. 1998లో పాత స్టేషన్ ప్రాంగణాల్ని కాపాడే ఒప్పందం కుదిరింది. అమ్ముడుపోయినవి కొన్ని ఇళ్లయ్యాయి, కొన్ని కాఫీ హోటళ్లయ్యాయి. హ్యువింకాలో 1870ల నాటి చెక్క స్టేషన్ ఇప్పుడు రైల్వే మ్యూజియం. ఎవరో ఒకరు లోపల ఉండి చూసుకుంటున్నవి నిలబడ్డాయి. తాళం పడ్డవాటికి మొదట కప్పు కారుతుంది, తర్వాత అడుగు దుంగ పుచ్చుతుంది.

ఇవాళ చలి దేశాల్లో కొత్త చెక్క విశ్రాంతి గదుల డిజైన్లు గీసేవాళ్లు చెట్టు పీల్చిన కార్బన్ ఎంత, గోడ ఆపే చలి ఎంత అని లెక్కలు వేస్తున్నారు. ఆ లెక్కలు కావాలి, కాదనను. ఆ పాత నమూనా డ్రాయింగుల్లో మాత్రం పొయ్యి పక్కన ఒక మనిషి ఇల్లు కూడా గీసి ఉండేది. కొత్త ప్లానుల్లో ఆ గది ఎక్కడుందా అని నేను వెతుకుతుంటాను. గది వద్దనుకుంటే పోనీ, జనవరి రాత్రి చివరి రైలు రాకపోతే ఆ తలుపు ఎవరు తీసి ఉంచుతారో అయినా ప్లానులో రాసి ఉండాలి కదా.