సిలోసో తీరదుర్గం: ఒక జనశ్రుతి పరిశీలన

సింగపూరు తీరదుర్గాల ఫిరంగులు సముద్రం వైపే తిరిగి ఉన్నందున, ఉత్తరాన భూమార్గంలో వచ్చిన జపాను సేనను అవి ఎదుర్కోలేకపోయాయని ఒక జనశ్రుతి ఉంది. సెంతోసా ద్వీపంలో 19వ శతాబ్దిలో బ్రిటిషువారు నిర్మించిన సిలోసో కోట నేడు సైనిక ప్రదర్శనశాల. దాని చరిత్రను పరిశీలిస్తే ఆ జనశ్రుతి నిలువదు. 1942 ఫిబ్రవరిలో ఈ కోటలోని 6 అంగుళాల ఫిరంగులు ప్రధానద్వీపం వైపు తిరిగి కాల్చాయి. తీరఫిరంగుల అసలు కొరత గుండ్లలో ఉంది. వాటిలో అధికభాగం యుద్ధనౌకల ఉక్కు కవచాన్ని ఛేదించడానికి చేసినవి. పదాతిదళంపై వాటి ప్రభావం స్వల్పం. విమానబలం చాలకపోవడం అంతకన్న పెద్దలోపం. ఫిరంగుల దిశపై నింద మోపే కథ ఈ వ్యూహలోపాలను మరుగుపరుస్తుంది. వాటి ఫలితంగా ఫిబ్రవరి 15న బందీలైన వారిలో వేలాదిమంది భారతీయ సైనికులున్నారు. ఈ ప్రదర్శనశాలను మనం దర్శించవలసింది వారిని స్మరిస్తూనే.