ఒక పెసరట్టు, రెండు మార్కెట్లు

ఈ ఎపిసోడ్‌లో ఒక ప్లేట్ పెసరట్టు గురించి మాట్లాడుకుందాం. ఫుడ్ వ్లాగ్ కాదు, కంగారు పడకండి. కళ్ళు మూసుకుని తల ఊపుతూ "ఆహా, క్రిస్పీ" అనడం నాకు చేతకాదు. ఇది హిస్టరీ ఎపిసోడే.

గుంటూరు వైపు పెసరట్టు ఎలా వేస్తారో గుర్తు తెచ్చుకోండి. పిండిలోనో పైనో పచ్చిమిర్చి ముక్కలు, ఉల్లిపాయ, జీలకర్ర. పక్కన అల్లం పచ్చడి. ఆ పచ్చడిలో ఎండుమిర్చి, చింతపండు, బెల్లం. అంటే ఒకే ప్లేట్‌లో మిరపకాయ రెండు వేషాల్లో ఉంది. ఆ పచ్చిమిర్చి ఒక మార్కెట్ నుంచి వచ్చింది, ఎండుమిర్చి ఇంకో మార్కెట్ నుంచి వచ్చింది. ఈ రెండు మార్కెట్ల మధ్య తేడా ఏంటో తెలిస్తే గుంటూరు రైతు పరిస్థితి సగం అర్థమైనట్టే. కానీ ముందు అట్టు సంగతి చూద్దాం.

ఫ్రాన్స్‌లో క్రేప్ అని ఒకటుంటుంది, రీల్స్‌లో చూసే ఉంటారు. బ్రిటనీ అనే ప్రాంతం దానికి పుట్టిల్లు. అక్కడ సంతల్లో గుండ్రటి ఇనుప పెనం మీద పిండి పోసి, చిన్న కర్ర పలకతో తిప్పుతారు. మన గరిటె చేసే పనే అది. ఉప్పటి రకానికి బక్‌వీట్ పిండి, తియ్యటి రకానికి గోధుమ పిండి. ఫిబ్రవరి 2న వాళ్ళకి క్రేపులు వేసుకునే పండగ కూడా ఉంది. మనకి ఆశ్వయుజ బహుళ తదియ నాడు అట్లతద్ది ఉన్నట్టే. చాలామంది క్రేప్‌ని "ఫ్రెంచ్ దోసె" అంటారు. నన్నడిగితే దోసె కన్నా పెసరట్టే దానికి దగ్గర చుట్టం. దోసె పిండి రాత్రంతా పులవాలి. పెసరట్టుకి ఆ గొడవ లేదు. నానబెట్టు, రుబ్బు, పొయ్యి. క్రేప్ కూడా అంతే, పులియబెట్టడం ఉండదు. తేడా అల్లా వాళ్ళది ధాన్యం, మనది పప్పు.

ఆ పప్పు వయసు చెప్తే ఆశ్చర్యపోతారు. కర్నూలు, కడప, బళ్ళారి వైపు నవీన శిలాయుగపు ఊళ్ళు తవ్వినప్పుడు మట్టిని నీళ్ళలో కలిపి చూశారు. మాడిపోయిన గింజలు తేలికగా ఉంటాయి కాబట్టి పైకి తేలతాయి. అలా తేలినవాటిలో ఉలవలు, పెసలు, కొన్ని చిరుధాన్యాలు ఉన్నాయి. దాదాపు 3,500 నుంచి 4,000 ఏళ్ళ కిందటి మాట. అంటే దక్కన్‌లో వరి అన్నం మామూలు తిండి అయ్యేదానికి చాలా ముందే ఇక్కడ పెసలు పండాయి. వాళ్ళు అట్టు వేసుకున్నారా అంటే నేను చెప్పను. గింజ దొరికింది, అట్టు దొరకలేదు.

అట్టు లాంటిది పుస్తకంలో కనబడేది 12వ శతాబ్దంలో. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో సంస్కృతంలో 'మానసోల్లాసం' అనే పెద్ద గ్రంథం తయారు చేశాడు. రాజు ఏం తినాలి, ఏనుగుల్ని ఎలా చూసుకోవాలి, చేపలు ఎలా పట్టాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆ రోజుల వికీపీడియా అనుకోండి. అందులో 'ధోసక' అనే వంటకం ఉంది. చాలా వీడియోల్లో "ఇదిగో దోసె పుట్టుక" అని చూపించేది దీన్నే. కానీ ఒక చిన్న విషయం వదిలేస్తారు. ఆ ధోసకలో బియ్యం లేదు. పప్పు రుబ్బి, ఇంగువ, జీలకర్ర, అల్లం లాంటివి వేసి, నూనె రాసిన పెనం మీద వేసింది. చదవగానే నాకు దోసె కనబడలేదు, పెసరట్టు పెద్దన్నయ్య కనబడ్డాడు.

ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. ఇంగువ ఉంది, అల్లం ఉంది, మిరపకాయ లేదు. ఉండే అవకాశమే లేదు. మిరప అమెరికా ఖండాల మొక్క. వాస్కో డ గామా కోళికోడ్ దగ్గర దిగింది 1498లో. పోర్చుగీసు వాళ్ళు గోవా పట్టుకున్నది 1510లో. మిరపకాయ ఆ ఓడల దారిలోనే మన దేశంలోకి వచ్చింది.

ఇప్పుడు గుంటూరు పక్కనే ఉన్న కొండవీడుకి రండి. పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు 15వ శతాబ్దం మొదట్లో అక్కడే తిరిగాడు. ఆయనకి తిండి యావ ఎక్కువే. పల్నాడులో జొన్నకూడు తప్ప సన్నన్నం దొరకలేదని విసుక్కుంటూ ఆయన పేరు మీద చాటువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత తిండి ప్రియుడికి జీవితంలో ఒక్క మిరపకాయ కూడా తగల్లేదు. గుంటూరు గడ్డ మీద ఉండి కూడా! 1515లో కృష్ణదేవరాయలు కొండవీడు కోట పట్టుకునే నాటికి కూడా ఇక్కడి వంటింట్లో కారం అంటే మిరియమే. 'మిరపకాయ' అనే పేరులోనే మిరియం దాక్కుని ఉంది. కొత్తగా వచ్చిన కాయకి పాత ఘాటు పేరు తగిలించారన్నమాట. "గుంటూరు కారం" అని మనం ఛాతీ చరుచుకునేదాని వయసు, ఆ పక్కనున్న కోట వయసు కన్నా తక్కువ.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. నల్లరేగడి నేల, ఎండ, తర్వాత సాగర్ కాలువలు. రైలు కూడా సాయం చేసింది. మ్యాప్‌లో నల్లపాడు స్టేషన్ చూడండి. గుంటూరు నుంచి బయల్దేరిన రైలు దారి నల్లపాడు దగ్గర చీలుతుంది. ఒకటి నరసరావుపేట మీదుగా నంద్యాల, గుంతకల్లు వైపు పోతుంది, ఇంకొకటి నడికుడి మీదుగా తెలంగాణలోకి పోతుంది. పత్తి అయినా మిర్చి అయినా బయటి ఊరికి పోవాల్సిన సరుకే. నల్లపాడు ఒకప్పుడు విడిగా పల్లె, ఇప్పుడు గుంటూరు నగరంలో కలిసిపోయింది. మిర్చి సీజన్‌లో ఆ చుట్టుపక్కల బండి మీద వెళ్తే ముక్కు చెప్పేస్తుంది ఎక్కడున్నామో.

సరే, పచ్చిమిర్చి మార్కెట్. అదే రైతు బజార్. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం వీటిని మొదలుపెట్టింది. పంజాబ్‌లో 1987లోనే 'అప్నీ మండీ' అని ఇలాంటిది వచ్చింది. మన దగ్గర మొదలైన అదే ఏడాది నవంబర్‌లో తమిళనాడు మదురైలో 'ఉళవర్ సందై' పెట్టింది. మనది ఎప్పుడు వచ్చిందో చూడండి. 1997-98లో పురుగు తగిలి పత్తి పోయి, అప్పులు తీరక, వరంగల్ మొదలుకొని పత్తి జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. ఆ గాయం పచ్చిగా ఉన్న రోజులవి.

రైతు బజార్ లాజిక్ సింపుల్. రైతుకీ మనకీ మధ్య ఎవరూ ఉండరు. పండించేవాడే అని చూసి గుర్తింపు కార్డు ఇస్తారు. స్థలానికి అద్దె లేదు. పొద్దున్నే బోర్డు మీద ధరలు రాస్తారు. హోల్‌సేల్ ధర కన్నా పాతిక శాతం ఎక్కువ, బయట రిటైల్ కన్నా పాతిక శాతం తక్కువ అనేది మొదట్లో పెట్టుకున్న లెక్క. కొన్ని స్టాల్స్ డ్వాక్రా మహిళా సంఘాలకి కేటాయించారు. ఆ సంఘాల వెనక కూడా చరిత్ర ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణాల మీద తిరగబడ్డాక, సారాకి పోయే డబ్బు పొదుపుగా మారింది. ఆ ఊపులో ఊరూరా సంఘాలు పెరిగాయి.

ఈ ఎపిసోడ్ కోసం గుంటూరు రైతు బజార్‌కి ఒక ఆదివారం పొద్దున వెళ్ళాను. గేటు పక్కనే ఒక పెద్దావిడ పెనం పెట్టుకుని ఉన్నారు. నీళ్ళు చిలకరించారు, ఉల్లిపాయ చెక్కతో రుద్దారు, గరిటెడు పిండి, మూడు తిప్పులు. "పచ్చిమిరగాయలు ఎక్కువెయ్యనా బాబూ?" అన్నారు. వెయ్యమన్నాను. పచ్చిమిర్చి ఎక్కడివి అని అడిగితే గడ్డంతో లోపలికి చూపించారు. "ఇందాకే తెచ్చా, ఆ మూల అన్నయ్య దగ్గర." ఎండుమిర్చి? "కొట్లో కొంటాం. ఇక్కడ రైతులు అదెక్కడ అమ్ముతారు?" అట్టు చాలా బావుంది, అంచు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా. కానీ నా బుర్రలో ఆ మాటే తిరిగింది. గుంటూరులో, రైతు పేరు పెట్టుకున్న బజార్‌లో, గుంటూరు రైతు అసలు పంట లేదు!

మిర్చి పచ్చిగా ఉంటే కూరగాయ. పండి, కల్లంలో ఎండితే వాణిజ్య పంట. పచ్చిమిర్చికి వేసే విత్తనాలు వేరే రకాలు, తెలుసు. అయినా మొక్క అదే జాతి, నేల అదే. కాయ రంగు మారగానే రైతు హోదా మారిపోతుంది. పచ్చికాయ తెచ్చినవాడు తక్కెడ తన చేతిలో పట్టుకుని, నా మొహం చూసి అమ్ముతాడు. ఎండుకాయ తెచ్చినవాడు టిక్కీలు లారీకెత్తి యార్డుకి వెళ్తాడు.

ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే గుంటూరు మిర్చి యార్డు అది. తేజ, 334, బాడిగ, తాలు, అన్ని రకాలూ కుప్పలుగా కనిపిస్తాయి. ఇలాంటి యార్డుల్ని నడిపే చట్టం 1966 నాటిది. దాని ఉద్దేశం మంచిదే. ఊళ్ళో షావుకారు కల్లం దగ్గరే కారుచౌకగా కొనేయకుండా, అందరి ముందూ పాట జరగాలని. కానీ ఆచరణలో రైతు నేరుగా యార్డుకి రాడు, కమీషన్ దుకాణానికి వస్తాడు. చాలాసార్లు విత్తనాలకీ మందులకీ పెట్టుబడి ఇచ్చింది ఆ దుకాణమే. అప్పు ఇచ్చినవాడి గడప దగ్గరే సరుకు దించాక, ధర నచ్చలేదని మూటలు వెనక్కి ఎత్తుకెళ్ళే రైతులు ఎంతమంది ఉంటారు?

మన ప్లేట్‌లోనే ఇంకో తేడా ఉంది. పెసలకి కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది, 2024-25లో క్వింటాకి 8,682 రూపాయలు. అది ప్రతి రైతు చేతికీ అందుతోందా అన్నది వేరే ఎపిసోడ్ అవుతుంది. కనీసం కాగితం మీద ఒక నంబర్ ఉంది. మిర్చికి మద్దతు ధర లేదు. 2023లో క్వింటా 20 వేలు దాటిన మిర్చి, 2025 మొదట్లో 11 వేల దగ్గరికి పడిపోయింది. రైతులు గోల పెట్టాక ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఆ సీజన్‌కి, ఆ పరిమితి వరకూ మాత్రమే.

"మరి ఎండుమిర్చిని కూడా రైతు బజార్‌లో అమ్మొచ్చుగా" అనిపిస్తుంది. నాకూ అనిపించింది, అందుకే లెక్కేశాను. పాత ఉద్యోగం అలవాటు. పంట బాగుంటే ఎకరానికి 20 క్వింటాళ్ళు అనుకుందాం, అంటే 2,000 కిలోలు. ఒక ఇంటికి ఆవకాయ, కారం, తాలింపు అన్నీ కలిపి ఏడాదికి 5 కిలోలు అనుకోండి. ఒక్క ఎకరం పంట ఖాళీ అవ్వాలంటే 400 ఇళ్ళు కావాలి. మూడెకరాల రైతుకి 1,200 ఇళ్ళు. ఆయన ఎన్ని పొద్దుల్లు తక్కెడ పట్టుకుని కూర్చుంటే అది తెములుతుంది? పైగా తేజ లాంటి రకాన్ని నూనె తీయడానికి చైనా వరకూ కొనుక్కెళ్తారు. మన వంటిళ్ళ కోసమే పండించిన పంట కాదది. కాబట్టి యార్డు తీసేయడం పరిష్కారం కాదు. అప్పు ఇచ్చేవాడూ అమ్మిపెట్టేవాడూ ఒక్కడే కావడం దగ్గర ఉంది చిక్కంతా. ఆ రెండు పనులూ విడదీయనంత కాలం, పాట తెర మీద జరిగినా నోటితో జరిగినా రైతుకి పెద్ద తేడా రాదని నా అభిప్రాయం.

మామూలుగా జనవరి నుంచి యార్డుకి కాయ పోటెత్తుతుంది, ఎండలు ముదిరాక వేసవి సెలవులు ఇస్తారు. ధర నచ్చక ఆగిన టిక్కీలు అప్పటికి కోల్డ్ స్టోరేజీల్లోకి చేరతాయి. లోపల చల్లగా, చీకటిగా నెలల తరబడి ఉంటాయి. అక్కడి అద్దె రైతుదే, ఇక్కడి అప్పు మీద వడ్డీ కూడా రైతుదే. జూన్ వస్తే మళ్ళీ విత్తనాల కోసం అదే దుకాణం మెట్లెక్కాలి.