ఇనుము చల్లారు లెక్క

ఖరగ్‌పూరులోని మలంచా వంటి పేటలలో తెలుగు మాట వినబడుట వింత గాదు. వాల్తేరునుండి కటకము వరకు గల రైలుమార్గము 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చినది. ఆ దారినే ఉత్తరాంధ్రమునుండి పెక్కు కుటుంబములు ఉద్యోగములకై వచ్చి యిచ్చట స్థిరపడినవి. ఈ ఊరికి ప్రాణము రైల్వే కర్మాగారము.

ఆవిరియింజనుల కాలమున ఇట్టి కర్మాగారములలో చక్రమునకు ఉక్కుకట్టు తొడుగుట ముఖ్యమైన పని. కట్టు లోపలి వ్యాసము చక్రముకంటె ఇంచుక తక్కువగా నుండును; మీటరునకు తేడా సుమారు ఒక మిల్లీమీటరు. ఉక్కుకు 250 డిగ్రీల వేడి హెచ్చినచో మీటరునకు సుమారు 3 మిల్లీమీటర్లు వ్యాకోచించును. అప్పుడు తొడిగినచో, చల్లారునపుడది బిగిసి చక్రమును పట్టుకొనును. మన పల్లెలలో కమ్మరి బండిచక్రమునకు కట్టు వేయుటయు నిట్లే. కాని అతడు కొయ్య కాలకుండుటకై నీరు పోయును. ఉక్కుచక్రము విషయమున ఆ తొందర తగదు, పగులు రావచ్చును. దానిని గాలికి విడువవలెను.

ఎంతసేపు విడువవలెను? ఇట్టి ప్రశ్నకు 1701లో న్యూటన్ పేరు చెప్పకయే ప్రకటించిన లాటిన్ వ్యాసమున దారి చూపెను. వస్తువునకును పరిసరములకును గల వేడిమి భేదము ఎంత హెచ్చో, చల్లారు వేగము అంత హెచ్చు. దీనినే నేడు అవకలన సమీకరణముగా వ్రాయుచున్నాము. భేదము 240 డిగ్రీలై, గంటలో 120కి దిగినదనుకొందము. మరుగంటకు అది సున్న కాదు, 60, ఆపై 30. అయితే వేడిమి భేదము మిక్కిలి హెచ్చుగా నున్నపుడు ఈ నియమము చాలదని 1817లో ద్యూలాంగ్, పెతీ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు చూపిరి.

దళసరి వస్తువున పైభాగము చల్లారినను లోపల వేడి నిలిచియుండును. ఆ వేడి లోపలినుండి పైకి ప్రసరించు విధమునకు ఫూరియే 1807లో సమీకరణము నిర్మించెను. లగ్రాంజి వంటి పెద్దలు అతని పద్ధతిని ఆక్షేపించిరి. గ్రంథము 1822లో గాని వెలువడలేదు.

ఆ సమీకరణముతోనే 1862లో కెల్విన్ భూమి వయస్సును గణించెను. కాగిన గోళము చల్లారుచు నేటి స్థితికి వచ్చుటకు 2 కోట్లనుండి 40 కోట్ల యేండ్లు చాలుననెను. జీవపరిణామమునకు అంతకంటె దీర్ఘకాలము కావలెనన్న డార్విన్ పక్షమునకు అది గొప్ప చిక్కు. కెల్విన్ గణితమున తప్పులేదు, తప్పు ఊహలోనున్నది. భూగర్భమున పదార్థము మెల్లగా కదలుచు వేడిని పైకి తెచ్చుచుండవచ్చునని అతడు తలచలేదు. అతని పూర్వ సహాయకుడైన పెర్రీ 1895లో ఈ లోపము చూపెను. రేడియో ధార్మికత వేడిని పుట్టించునని 1903లో తెలిసినది. నేడు భూమి వయస్సు సుమారు 450 కోట్ల యేండ్లని నిర్ణయమైనది.

1951లో ఖరగ్‌పూరు చెంతనే, హిజ్లీ నిర్బంధశిబిర భవనమున, భారతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థ ఆరంభమైనది. కర్మాగారమున చేతికి తెలిసిన సంగతియే అచ్చట అక్షరముల రూపు దాల్చును. కాని కట్టు ఎంత వేగముగా చల్లారునో తెలుపు సంఖ్య ఆ అక్షరములలో లేదు. అది గాలినిబట్టి, దళమునుబట్టి, పైపొర నునుపునుబట్టి మారును. దానికై ఇనుము చెంతకు పోయి కొలువవలసినదే.