వ్యక్తిత్వ లోపాలు

వ్యక్తిత్వ లోపము అనగా ఒక మనిషి ఆలోచించే తీరు, ఉద్వేగాలు, ఇతరులతో మెలిగే విధానము తన సమాజపు అలవాట్లకు చాలా భిన్నంగా ఉండి, ఏళ్ళ తరబడి మారక, తనకు గాని చుట్టూ ఉన్నవారికి గాని బాధ కలిగించే మానసిక స్థితి. ఇది సాధారణంగా కౌమారంలో లేదా యౌవనారంభంలో బయటపడుతుంది. "వాడి స్వభావమే అంత" అని ఇంటివారు సరిపెట్టుకొనడం వలన చాలామంది వైద్యుని వద్దకు చేరరు.

రకాలు

అమెరికన్ మనోవైద్య సంఘం 2013లో ప్రచురించిన డీఎస్ఎమ్-5 గ్రంథంలో 10 రకాలు, మూడు సమూహాలుగా ఉన్నాయి.

* మొదటి సమూహము: పారనాయిడ్ (అకారణ అనుమానము), స్కిజాయిడ్ (ఏకాంతప్రియత్వము), స్కిజోటైపల్ (వింత నమ్మకాలు, వింత మాటతీరు).
* రెండవ సమూహము: యాంటీసోషల్ (ఇతరుల హక్కులను లెక్కచేయకపోవడం), బోర్డర్‌లైన్ (నిలకడలేని ఉద్వేగాలు, విడిచిపోతారనే భయము), హిస్ట్రియానిక్ (అందరి దృష్టి కోసం తపన), నార్సిసిస్టిక్ (తానే గొప్ప అనే భావన).
* మూడవ సమూహము: అవాయిడెంట్ (తిరస్కార భయము), డిపెండెంట్ (పరాధీనత), అబ్సెసివ్ కంపల్సివ్ (అతి క్రమబద్ధత).

గుర్తించడం

కొన్ని రకాలు పైకి ఒకేలా కనిపిస్తాయి. స్కిజాయిడ్ వ్యక్తికి స్నేహాల మీద ఆసక్తి ఉండదు. అవాయిడెంట్ వ్యక్తికి ఆసక్తి ఉన్నా, కాదంటారేమోనని వెనుకాడుతాడు. చేతులు పదేపదే కడుగుకొనే ఓసీడీ రోగికి సాధారణంగా తన ఆలోచనలే బాధ కలిగిస్తాయి. అబ్సెసివ్ కంపల్సివ్ వ్యక్తిత్వము గలవాడు తన పద్ధతే సరైనదని భావిస్తాడు. కోపము, పొగరు, మొండితనము ఉన్నంత మాత్రాన లోపమున్నట్లు కాదు. ఒక్క సంఘటనను బట్టి గాక జీవిత చరిత్రను బట్టి మనోవైద్యుడు నిర్ధారిస్తాడు. 18 ఏళ్ళు నిండనివారికి యాంటీసోషల్ నిర్ధారణ చేయరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 (2022 జనవరి 1 నుండి అమలు) పాత రకాలను తొలగించి, స్వల్ప, మధ్యస్థ, తీవ్ర అనే స్థాయిలను ప్రవేశపెట్టింది. బోర్డర్‌లైన్ లక్షణాలను మాత్రం విడిగా సూచించే వీలు కల్పించింది.

చికిత్స

సంభాషణ ద్వారా చేసే చికిత్సయే ప్రధానమైనది. మార్షా లినెహాన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ బోర్డర్‌లైన్ రోగులకు ఉపకరిస్తుంది. మందులు ముఖ్యంగా తోడుగా ఉన్న కుంగుబాటు వంటివాటికి వాడుతారు. బోర్డర్‌లైన్ రోగులలో ఆత్మహత్యా ప్రమాదము ఎక్కువ. కనుక చచ్చిపోతానన్న మాటను నటనగా కొట్టివేయరాదు. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ (14416) ద్వారా చిల్లకూరు వంటి గ్రామీణ మండలాలవారు కూడా ఊరు దాటకుండానే తెలుగులో ఉచిత సలహా పొందవచ్చును.